చరిత్ర, కల్పన – నడుమ గీత: ‘అంటరాని వసంతం’ చదువు కాపరులకు

సంఘ యువతీయువకులు కాపరులను అడుగుచున్న ప్రశ్నలలో కొన్ని నేడు నవలలలో నుండి వస్తున్నాయి. డాన్ బ్రౌన్ 2003లో ప్రచురించిన ‘ద డావిన్సీ కోడ్’ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. దాని ఆధారముగా తీసిన చలనచిత్రమును 2006 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధించగా, హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసింది. నిషేధము వలన ప్రశ్న పోలేదు. మగ్దలేనే మరియను గూర్చి పాలకీడు వంటి మండల కేంద్రములో కూడ మమ్మును అడిగినవారున్నారు. అయితే ఆ నవలలోని అసలు దోషము మనలో చాలామందికి తెలియదు. కథ కల్పించుట దోషము కాదు. కథకు ముందే ‘వాస్తవము’ అని శీర్షిక పెట్టి, ప్రయరీ ఆఫ్ సయన్ అను రహస్య సంఘము 1099లో స్థాపించబడినదని చెప్పుట దోషము. ఆ పేరుతో ఫ్రాన్సులో సంఘము నమోదైనది 1956లో. దాని ప్రాచీనతకు చూపిన పత్రములు దొంగ పత్రములు.

నిజమైన ఆధునికోత్తర నవల ఇందుకు భిన్నముగా నడుస్తుంది. అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ వంటి పాత చారిత్రక నవలలో రచయిత చరిత్ర విడిచిన ఖాళీలను ఊహతో పూరించి, అతుకు కనబడకుండ చూచుకుంటాడు. ఆధునికోత్తర రచయిత ఆ అతుకును కావాలని చూపుతాడు. సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’లో (1981) కథకుడు గాంధీజీ హత్య తేదీని తప్పుగా చెప్పి, తప్పు చెప్పానని తానే ఒప్పుకుంటాడు, అయినను దిద్దడు. పోర్చుగీసు రచయిత జోసె సరమాగో 1989లో వ్రాసిన నవలలో ప్రూఫులు దిద్దే ఉద్యోగి లిస్బన్ ముట్టడి చరిత్ర గ్రంథములో ‘లేదు’ అను ఒక్క మాట చేరుస్తాడు. అంతటితో ఆ చరిత్ర తలక్రిందులౌతుంది. కెనడా విమర్శకురాలు లిండా హచియన్ ఇటువంటి నవలలను ‘హిస్టోరియోగ్రాఫిక్ మెటాఫిక్షన్’ అన్నారు. చరిత్ర ఎట్లు వ్రాయబడుతుందో తనలో తానే ప్రశ్నించుకొను కల్పన అని దాని భావము. గతము జరగలేదని వీరనరు. జరిగినది ఎవరో ఒకరు చెప్పిన కథగానే మనకు అందుతుందని అంటారు. ఈ భేదము తెలియక పోస్ట్‌మోడర్నిజమును ఒక్క వాక్యములో ఖండించు ప్రసంగములు మేము చాలా విన్నాము.

తెలుగు సంఘమునకు ఈ చర్చ మరింత దగ్గరగా వచ్చినది జి. కళ్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ (2000) ద్వారా. రచయిత విరసం సభ్యులు, విప్లవమును నమ్మినవారు. మహా కథనములన్నిటినీ శంకించువారిని ఆధునికోత్తరులంటాము గనుక ఆ ముద్ర ఈయనకు పూర్తిగా అతకదు. కాని చరిత్రకు కల్పనకు నడుమ ఆయన నడచిన త్రోవ ఆ నవలలకు చాలా సమీపము. రూతు అను వృద్ధురాలి జ్ఞాపకముగా కథ సాగుతుంది. ఆమె చూచినవి కొన్ని, భర్త రూబేను చెప్పగా విన్నవి కొన్ని, అతడు పెద్దలయొద్ద విన్నవి మరికొన్ని. ఎన్నెలదిన్ని అను ఊరి వెలుపల పుట్టిన ఎల్లన్న పాటగాడు. అతని కుమారుడు శివయ్య కరువులో భార్యతో ఊరు విడిచి బకింగ్‌హాం కాలువ పనికి పోతాడు, తరువాత క్రైస్తవుడౌతాడు.

శివయ్య కల్పితము. కాలువ కల్పితము కాదు. 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వు పనిని గుత్తకు తీసుకొని పేదలకు కూలి దొరుకునట్లు చేశారు. అన్నము కొరకు మతములో చేరిరను మాట రాకూడదని ఆ కాలములో బాప్తిస్మములు నిలిపివేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము పరీక్షలలో వ్రాసినవారమే. అందులో ఎన్ని పేర్లు చెప్పగలము? శివయ్య నిలిచినది ఆ ఖాళీలోనే. పత్రములలో తాతల పేర్లు లేనివారు పాటలో, నోటి మాటలో మిగిలిన దానిని ఆధారముగా తీసుకొనకపోతే వారికి చరిత్రే లేదు. బ్రౌన్ దొంగ పత్రమును నిజమని చూపగా, కళ్యాణరావు గారు పత్రము లేదనే సంగతినే కథగా చెప్పారు. రెంటిని ఒకే గాట కట్టుట న్యాయము కాదు.

ఇక క్లౌ దొర గారి పక్షమున మన చేతిలోనున్న ప్రధాన గ్రంథమును చూడండి. ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ ఆయన మరణానంతరము 1914లో వెలువడింది. అందులో ‘నేను’ అని మాటలాడునది క్లౌ గారు, వ్రాసినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. అంటే చరిత్ర గ్రంథములోను ఒకరి జ్ఞాపకము మరొకరి కలము గుండా వచ్చింది. అందుచేత అది కూడ నవలయే అనవచ్చునా? అనరాదని మా అభిప్రాయము. కూర్చుట వేరు, కల్పించుట వేరు. జూలై 3 సంగతిని ఇతర ఉత్తరములతో, నివేదికలతో సరిచూడవచ్చును. శివయ్యను సరిచూచుటకు వీలు లేదు. లూకా తన సువార్త ఆరంభములో ముందటి రచనలను, కన్నులార చూచినవారిని పేర్కొని తాను పరిశోధించితినని చెప్పుట ఈ సరిచూచుటకు ఒప్పుకొనుటయే.

మరొక ప్రక్క నాతాను ప్రవక్త ఉన్నాడు (2 సమూయేలు 12). గొఱ్ఱెపిల్ల కథను దావీదు జరిగిన సంగతి అనుకొని తీర్పు చెప్పాడు. అటువంటి ధనవంతుడు లేడు. ఊరియా ఉన్నాడు. నాతాను కథను అక్కడ విడువక, వెంటనే దాని ముసుగు తీసి రాజును చూపాడు. వేదికపై ‘అంటరాని వసంతం’ సంగతులు చెప్పు కాపరి కూడ ‘ఇది నవల’ అని చెప్పి మరీ చెప్పాలి. అట్లు చెప్పినందువలన శివయ్య ఆకలి తగ్గదు.

మా ప్రాంతమునకు కూడ ఈ పని ఉన్నది. నల్లగొండలో 1890 ప్రాంతమున రష్యా మెన్నొనైటు మిషనరీ అబ్రాహాము ఫ్రీజెన్ సేవ మొదలుపెట్టారు. మిషను నివేదికలు వ్రాసినది మిషనరీలు, అమెరికాలోని, రష్యాలోని దాతల కొరకు. ఇక్కడి ముసలమ్మలు తమ నాయనమ్మల బాప్తిస్మమును గూర్చి చెప్పు కథలలో తేదీలు ఉండవు, కొన్ని అద్భుతములు మాత్రము తరమునకొకటి చొప్పున పెరిగి ఉంటాయి. పెరిగినదని తెలిసికూడ వ్రాసుకొనవలెను, ఎవరు, ఎవరియొద్ద, ఏ సంవత్సరములో విని చెప్పారో ప్రక్కనే గుర్తు పెట్టవలెను. వేదాంత విద్యార్థులు సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకముతో ఇది ప్రారంభించవచ్చును. ఆ ముసలమ్మలలో ఎనుబది దాటినవారు చాలామంది.