‘రహస్యం’లోని యక్షగానము

మేడ్చలు, శామీర్‌పేట పల్లెలలో బాగోతము చూడని వృద్ధులు అరుదు. చిందు భాగవతులు ఊరిలో దిగినారనగానే గొంగడి చంకబెట్టుకొని పొద్దుగూకకముందే చోటు చూచుకొనినవారే మనలో పెక్కుమంది. అందుచేతనే మీతో ఒక మరుగుపడిన సినిమానుగూర్చి ముచ్చటింప సాహసించుచున్నాను.

ఆ చిత్రము పేరు ‘రహస్యం’. 1967లో వెలువడినది. 1963లో ‘లవకుశ’ను నిర్మించిన శంకరరెడ్డిగారే దీనికిని నిర్మాతలు, దర్శకులు వేదాంతం రాఘవయ్యగారు. జనులు కొండంత యాశతో పోయిరి. చిత్రము నిలువలేదు.

మా తాతగారును నేనును మేడ్చలులో రైలెక్కి సికింద్రాబాదు పోయి దానిని చూచితిమి. కథ సాగుచుండగా ‘గిరిజా కళ్యాణము’ అను యక్షగానము వచ్చెను. కథ నిలిచిపోయెనని విసిగి, పలువురితోపాటు నేనును ఛాయకై వెలుపలికి నడచితిని. తిరిగి వచ్చుసరికి తాతగారు తొడపై తాళము వేయుచు, కన్నార్పక కూర్చుండిరి. తిరుగు బండిలో వారనినది ఒక్కటే మాట: “చూడాల్సిందే ఇడిసిపెట్టి ఛాయ్ తాగొస్తివి గదరా!”

ఆ మాట విలువ నాకు తెలియుటకు చాల ఏండ్లు పట్టెను. ఒకనాడు రేడియోలో ఆ భాగము మాత్రమే వినబడగా, నేను పోగొట్టుకొనినదేమో అర్థమైనది.

దాని సాహిత్యము మల్లాది రామకృష్ణశాస్త్రిగారిది. వారు 1965లోనే పరమపదించిరి. తెరపై దానిని చూచుకొను భాగ్యము వారికి లేకపోయెను. సంగీతము ఘంటసాలవారిది. తపస్సులోనున్న శివునికి హిమవంతుని కూతురు పరిచర్య చేయుట, మన్మథుడు బాణమెక్కుపెట్టి బూడిదయగుట, రతి విలపించుట, తుదకు కళ్యాణము: ఇది మీరెరిగిన కథయే. అమ్మవారి స్తుతితో ఎత్తుకొని, పాత్ర మారినప్పుడెల్ల నడకయు రాగమును మార్చుచు సాగును. రాత్రి తెల్లవార్లు సాగవలసిన ఆటను కొద్ది నిమిషములలో కుదించినను, వరుస తప్పనీయలేదు.

అది రాఘవయ్యగారికే చెల్లినది. వారిని ‘దేవదాసు’ దర్శకులుగా లోకమెరుగును. కాని వారు 1919లో కూచిపూడి వంశమున పుట్టి, కాళ్లకు గజ్జెలతో పెరిగినవారు. 1939లో ‘రైతుబిడ్డ’ చిత్రమున స్వయముగా నాట్యమాడినవారు.

ఇట్టి గతి మన చిత్రమునకే పట్టినది కాదు. అమెరికాలో 1955లో ‘ఇట్స్ ఆల్వేస్ ఫెయిర్ వెదర్’ అను నాట్యచిత్రము వచ్చెను. యుద్ధమున ప్రాణస్నేహితులైన ముగ్గురు సిపాయిలు పదేండ్లకు కలిసికొని, తమ మధ్య స్నేహమే మిగులలేదని గ్రహింతురు. ఆటపాటల చిత్రములో ఇంత చేదు జనులకు రుచింపలేదు, నిర్మాతలు నష్టపడిరి. కాని ఆ ముగ్గురును ఒక్కొక్క పాదమునకు చెత్తడబ్బా మూత తగిలించుకొని వీధిలో ఆడిన నృత్యమును నేడు రసికులు పొగడుచున్నారు. కథనుబట్టి త్రోసివేసినదానిని ఆటనుబట్టి మరల చేరదీసిరి.

‘రహస్యం’ మొత్తముగా గొప్ప చిత్రమని నేననను. కథలో చిక్కుముడులు మెండు, నిడివియు ఎక్కువే. ఆనాడు జనులు విసిగిరన్న తప్పు వారిది కాదు. అయితే ఆ కోపము యక్షగానముపైకూడ పడినది. బాగోతములో హాస్యగాడు విసిగించినచో సత్యభామ వేషమును ఎవరైన కాదందురా? ముందుగా కన్నులు మూసికొని ‘గిరిజా కళ్యాణము’ వినుడు. రతి దుఃఖమువద్ద స్వరమెట్లు నిలుచునో గమనింపుడు. తెరపై ఆటను అటుపిమ్మట చూడవచ్చును.

ఇప్పుడది రేడియోలో వచ్చునప్పుడు మా మనుమడు ఛాయ తెచ్చి ముందుంచును. చల్లారిపోవుచున్నది.