తెరమీది దొంగ

మొన్నొక రాత్రి మర్నాటి పాఠానికి ఒక మాట అర్థం వెతుకుతూ కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఏదో లంకె నొక్కానో లేదో, తెర యావత్తూ ఎర్రబడింది. పేరుమోసిన కంపెనీవారి ముద్ర, కింద ఒక ఫోను నంబరు! "మీ యంత్రానికి వైరస్ పట్టింది, ఆపితే సర్వం పోతుంది" అంటూ ఇంగ్లీషులో ఒక గొంతు గద్దించసాగింది. మూసే గుర్తు ఎక్కడా లేదు. హెచ్చరిక పెట్టె ఒకటి మూస్తే రక్తబీజుడిలా మరొకటి. పదిహేనేళ్ల నా పాఠాల నోట్సంతా అందులోనే వున్నది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆరు అంకెలు నొక్కేశాను.

మా అమ్మాయి ఫోను లాక్కున్నది. "వైరసూ లేదు, గియిరసూ లేదు నాన్నా. అది వట్టి పేజీ!" అన్నది.

ఎస్కేప్ మీటను కొన్ని సెకండ్లు అదిమిపట్టింది. తెర చిన్నదైంది గాని పేజీ కదలలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చింది. అందులో బ్రౌజరు పేరు ఎంచి 'ఎండ్ టాస్క్' నొక్కింది. అంతటితో గొంతు కూడా ఆగిపోయింది. మళ్లీ తెరిచినప్పుడు "పాత పేజీలు తిరిగి తెరవమంటారా?" అని అడిగితే మాత్రం వద్దనాలి సుమండీ. వూ అన్నామా, దొంగను మళ్లీ పిలిచినట్టే.

ఇందులో కిటుకు ఇంతే. సినిమా చూపటానికి తెర నిండా పరుచుకోవటం, పెట్టెలో కబురు చెప్పటం వంటి స్వేచ్ఛలు ప్రతి పేజీకీ వున్నవి. దొంగ పేజీ వాటినే దుర్వినియోగం చేస్తుంది. బ్రౌజరుకు ఎడతెగని పని పురమాయించి, మన నొక్కు దాని చెవిన పడకుండా చేస్తుంది. 2018లో క్రోమ్ చేత వందలకొద్దీ ఫైళ్లు ఒక్కసారిగా దింపించి ఉక్కిరిబిక్కిరి చేసిన పేజీలు ఇటువంటివే.

ఈ ముచ్చట పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరుగారికి చెబితే, ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"నేను నంబరు పూర్తిగానే నొక్కానండీ," అన్నారు మెల్లగా.

అవతల మనిషి మహా మర్యాదస్థుడట. దూరంనుంచి యంత్రం నడిపే సాఫ్ట్‌వేరు పెట్టించి, లోపలి ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఎర్రగుర్తులు చూపించాడట. అటువంటి గుర్తులు ఆరోగ్యంగా వున్న యంత్రంలోనూ బోలెడుంటాయి! వైద్యానికి ముప్ఫైవేలు తీసుకున్నాడు. ఇంట్లో తెలిస్తే నవ్వుతారని ఆయన ఇన్ని నెలలూ నోరు మెదపలేదు.

వెంటనే నెట్ తెంపేసి, బ్యాంకుకూ, 1930 నంబరుకూ ఫోను చేసివుంటే సొమ్ము చేతులు మారకముందే నిలపటానికి కొంత అవకాశముండేది. ఆ మాట ఆయనతో అనటానికి నాకు నోరు రాలేదు. నంబరు మాత్రం వారి గోడ క్యాలెండరు మీద రాసి వచ్చాను.