కరెంటు పోతే పైపు ఎందుకు పగులుతుంది?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో కె.సి. కాలువ నీరు ఎక్కని మెరక పొలాలకు బోరు మోటారే దిక్కు. మోటారు నడుస్తుండగా కరెంటు పోతే పైపులో ధన్‌మని చప్పుడు రావడం రైతులకు కొత్త కాదు. ఒక్కోసారి అతుకు ఊడిపోతుంది. నాసిరకం పైపు అంటగట్టారని దుకాణదారుపై విరుచుకుపడడమూ మామూలే. తప్పు ప్రతిసారీ పైపుది కాదు.

మోటారు ఆగినా పైపులోని నీరు వెంటనే ఆగదు. కొంత ముందుకు పోయి, వెనక్కు మళ్లి, మూసుకున్న వాల్వును గుద్దుతుంది. ఆ దెబ్బ అలలా పైపు పొడవునా పరుగెడుతుంది. పైపు కాస్త ఉబ్బి ముడుచుకుంటుంది. ఈ సాగుడును లెక్కలోకి తెచ్చి 1878లో అల వేగానికి సూత్రం కట్టినవాడు డచ్ గణితవేత్త కోర్టెవెగ్. మాస్కో నీటి గొట్టాలపై 1897-98లో ప్రయోగాలు చేసి దెబ్బ తీవ్రతను తేల్చినవాడు జుకోవ్‌స్కీ.

సెకనుకు ఒక మీటరు చొప్పున పారే నీటిని చటుక్కున ఆపితే, ఇనుప గొట్టంలో 100 మీటర్లకు పైగా ఎత్తున నిలిచిన నీటికి సమానమైన ఒత్తిడి అదనంగా పుడుతుంది. సాగే ప్లాస్టిక్ పైపులో అది దాదాపు మూడో వంతే. అయితే దాని తట్టుకునే శక్తీ తక్కువే!

అర కిలోమీటరు ప్లాస్టిక్ పైపులో అల పోయి రావడానికి రెండు మూడు సెకన్లు చాలు. గేటు వాల్వును అంతకంటే ఎంతో నిదానంగా తిప్పితే దెబ్బ తగ్గుతుంది. కరెంటు కోతకు ఆ నిదానం లేదు గనుక, నీరు వెనుదిరిగేలోపే మూసుకునే నాన్ రిటర్న్ వాల్వు, మెరకల వద్ద గాలి వాల్వు పెట్టించుకోవాలి.