యూరిన్‌లో మంటా? "వేడి చేసిందిలే" అని వదిలేయకండి

ఈరోజు టాపిక్ మన ఇళ్ళల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేది. నేను మామూలు గొంతుతోనే మాట్లాడతా. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నదాన్ని. కానీ ఇది నాకే జరిగింది.

కాలేజీకి రోజూ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సు. కాలేజీ బాత్రూముల్లో నీళ్ళుండవు. అందుకని సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆపుకునేదాన్ని, పాస్ వస్తుందేమోనని నీళ్ళే తాగేదాన్ని కాదు. ఎండాకాలంలో ఒకరోజు పాస్‌కి పోతే ఒకటే మంట. పది నిమిషాలకోసారి పోవాలనిపిస్తుంది, పోతే నాలుగు చుక్కలు. మా అవ్వ "వేడి చేసిందిలే" అని సబ్జా నీళ్ళిచ్చింది. రెండు రోజులు చూసి, సిగ్గుపడుతూ ఒక మెడికల్ షాపులో అడిగితే మూడు మాత్రలిచ్చారు. ఒకటి వేసుకోగానే కాస్త తగ్గింది, మిగతా రెండూ బ్యాగులోనే ఉండిపోయాయి. తర్వాత చలిజ్వరం, వీపు పక్కన నొప్పి, వాంతులు. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందని ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

ఎర్రర్ కనబడనంత మాత్రాన బగ్ పోయినట్టు కాదు కదా! అదే జరిగింది.

మగవాళ్ళలో మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్లు, మనకి 4 మాత్రమే. పేగుల్లో ఉండే ఈ. కోలి బ్యాక్టీరియా మూత్రాశయానికి చేరడం మనలో అంత సులువు. పెళ్ళికాని అమ్మాయికి ఇదొస్తే కొందరు అదోలా చూస్తారు. కలయిక వల్ల అవకాశం పెరిగేది నిజమే, కానీ అది లేకపోయినా వస్తుంది. ఇది సుఖవ్యాధి కాదు. మంటతో పాటు దురద, తెల్లబట్ట ఎక్కువగా ఉంటే అది వేరే సమస్య కావచ్చు, అదీ డాక్టరుకి చెప్పాలి.

సబ్జా నీళ్ళు తాగండి, తప్పులేదు. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్ళు తక్కువ తాగే ఆడవాళ్ళు రోజూ లీటరున్నర ఎక్కువ తాగితే అది సగానికి తగ్గిందని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. అది రాకుండా చూసుకోడానికి. వచ్చాక మందు కావాలి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే యూరిన్ టెస్టుకివ్వండి. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. కల్చర్ రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, కానీ ఏ మందు పనిచేస్తుందో అందులో తెలుస్తుంది. మామూలు కేసుల్లో డాక్టర్లు ఎక్కువగా నైట్రోఫ్యురాంటోయిన్ ఐదు రోజులకి గానీ, ఫాస్ఫోమైసిన్ ఒక్క డోసు గానీ రాస్తారు. ఎవరికేది అన్నది వాళ్ళే చెప్పాలి. కోర్సు మధ్యలో ఆపొద్దు. మంట తగ్గించే సిరప్ ఉపశమనానికే, అది బ్యాక్టీరియాని చంపదు.

జ్వరం, వణుకు, వీపు పక్కన నొప్పి, వాంతులు ఉంటే, లేదా గర్భవతులు, షుగర్ ఉన్నవాళ్ళయితే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఆదోనిలోనూ, ఎమ్మిగనూరులోనూ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

నోటితో చెప్పడానికి సిగ్గేస్తే ఫోన్లో టైప్ చేసి చూపించండి: మంట ఎన్ని రోజులుగా, జ్వరం ఉందా, లాస్ట్ పీరియడ్ ఎప్పుడు, ఇప్పటిదాకా ఏ మాత్ర వేసుకున్నారు. నేనూ అట్లే చూపించా. డాక్టరమ్మ చదివి, ఫోన్ తిరిగిచ్చి, టెస్టు రాసింది. అంతే.