చోటు చాలని ఇంటికి తిరుగుడు బల్ల

నాగర్‌కర్నూల్: వసారాయే కార్ఖానా అయిన వడ్రంగికి మిషన్లు కొనడం ఒక ఎత్తు, వాటికి చోటు చూడడం మరో ఎత్తు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకం పనిముట్లకు రూ.15 వేల వరకు సాయం ప్రకటించింది. మిషన్ వచ్చినా, మంచం వాల్చే చోట దాన్నెక్కడ పెట్టాలి? ఈ చిక్కుకు విరుగుడు తిరుగుడు బల్ల.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండింటి మధ్య పట్టీలు పెట్టి జిగురుతో, మరలతో బిగిస్తే పలక సిద్ధం. పట్టీల నడుమ వదిలిన సందులో ఇనుప కడ్డీ దూర్చి, కొసలను రెండు పక్కల నిలువు చెక్కల్లో నిలపాలి. పలక పైన కోత మిషన్, అడుగున తలకిందులుగా గ్రైండర్ బోల్టులతో బిగించాలి. పలక తిప్పితే రెండోది పైకి వస్తుంది. రెండింటికీ ఒక్కదాని చోటు చాలు.

రెండింటి బరువూ దాదాపు సమంగా ఉండాలి. లేకుంటే బరువైనది ఒక్కసారిగా కిందికి దూకుతుంది. తిరిగేటప్పుడు మిషన్ తగలకుండా అడుగున ఖాళీ వదలాలి. తిప్పే ముందు ప్లగ్గు తీయాలి, కోత మిషన్ చేతిని కిందికి దించి లాక్ చేయాలి. తిప్పాక రెండు పక్కలా గడియలు బిగించనిదే స్విచ్ వేయరాదు. వడ్రంగికి వేళ్లే కదా పెట్టుబడి!