సిస్టమ్ సాఫ్ట్‌వేర్ భాషా నిర్మాణము – ఉత్సర్గాపవాద న్యాయము

2015లో ఏర్పడిన తిరుపతి ఐఐటీ నేడు ఏర్పేడున నెలకొనియున్నది. అచట కంప్యూటరు శాస్త్రము, తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయమున వ్యాకరణము బోధింపబడుచున్నవి. సామాన్య నియమమెంత వ్యాపింపవలెను, మినహాయింపెచట నిలువవలెను అను ప్రశ్న ఈ రెండు శాస్త్రములకును సమానము.

ఆపరేటింగ్ సిస్టమ్ వంటి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మెమరీని నేరుగా వినియోగించును. అందలి దోషము దానిపై నాధారపడిన సర్వమునకును సోకును. బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాష మెమరీ చిరునామాలపై పూర్తి స్వేచ్ఛ నొసగెను. 1973లో యూనిక్స్ కేంద్రభాగము ఆ భాషలో తిరిగి వ్రాయబడెను. అయినను విడిచిన మెమరీని మరల వాడుట వంటి దోషములను సీ భాష వారింపదు.

2015లో తొలి స్థిరరూపము వెలువడిన రస్ట్ భాషలో ప్రతి విలువకును స్వామి యొక్కడే. స్వామి పరిధి ముగియగనే ఆ మెమరీ విడుదలగును. ఒక విలువను ఏకకాలమున పలువురు చదువవచ్చును. మార్చువాడున్నచో వాడొక్కడే యుండవలెను. ఈ నియమములను కంపైలరు ముందే పరీక్షించును. ఇది ఉత్సర్గము. యంత్రముతో నేరుగా వ్యవహరించుటకు 'అన్‌సేఫ్' అని గుర్తించిన ఖండము అపవాదస్థానీయము.

వ్యాకరణమున 'ఇత్యాది' యందలి యణాదేశము ఉత్సర్గము. 'రవీంద్ర' యందలి సవర్ణదీర్ఘము అపవాదము. అచట అపవాదము తన విషయమున ఉత్సర్గమును బాధించును. అన్‌సేఫ్ ఖండమున నట్లు కాదు: పూర్వ పరీక్షలు నిలిచియే యుండును, కొన్ని అధిక క్రియలకు అనుజ్ఞ లభించును, వాని సాధుత్వభారము రచయితపై బడును. కనుక సామ్యము విషయనిర్దేశమునందే. మినహాయింపునకు హద్దు గీచినచో దోషమును వెదకవలసిన చోటు తెలియును. పాణిని కంప్యూటరు భాషను రచించెననుటకు ఈ సామ్యము ప్రమాణము గాదు.