అంబులెన్సులో ఎవరుండాలి?

అంబులెన్సు అనగానే మనకి గుర్తొచ్చేది రోడ్డు ప్రమాదమో, గుండెపోటో. కానీ ఒక ఆసుపత్రిలో ఉన్న పేషెంటుని ఇంకో ఆసుపత్రికి మార్చడం కూడా వాటి పనిలో పెద్ద భాగమే. అమెరికాలో ఒక ఆసుపత్రుల సముదాయం కోసం ఇలాంటి తరలింపులు ఏర్పాటు చేసే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో నేను కొన్నాళ్ళు కన్సల్టెంటుగా పనిచేశాను. పైకి చూస్తే టాక్సీ బుకింగ్ లాంటిదే: ఎక్కడినుంచి, ఎక్కడికి, ఎప్పుడు? అసలు చిక్కంతా నాలుగో ప్రశ్నలో ఉంది. బండిలో పేషెంటు పక్కన ఎవరుంటారు?

మెడికేర్ నిబంధనల్లో దీనికి కొన్ని మెట్లున్నాయి. అన్నిటికన్నా కింద బి.ఎల్.ఎస్., అంటే ఆక్సిజన్ పెట్టడం, రక్తస్రావం ఆపడం లాంటివి చెయ్యగల ఈ.ఎం.టి. ఉండే బండి. దానిపైన ఎ.ఎల్.ఎస్.: ఈసీజీ చూసి, నరంలోకి మందులివ్వగల పారామెడిక్ ఉంటారు. పారామెడిక్ పరిధిని కూడా దాటితే స్పెషాలిటీ కేర్ ట్రాన్స్‌పోర్ట్. ఇందులో క్రిటికల్ కేర్ నర్సో, రెస్పిరేటరీ థెరపిస్టో, అదనపు శిక్షణ ఉన్న పారామెడిక్కో వెంట వెళ్ళాలి. ఇది రెండు వైద్య సంస్థల మధ్య తరలింపులకి మాత్రమే వర్తిస్తుంది. చెల్లింపు లెక్కలో అత్యవసరం కాని బి.ఎల్.ఎస్. 1.00 అయితే, ఇది 3.25. పారామెడిక్ ఏం చెయ్యవచ్చన్నది మళ్ళీ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి.

మనవాళ్ళు ఎవరైనా డిజైన్ చేస్తే మొదట రాసేది "కనీస సిబ్బంది = 2" అనే కదా! కానీ ఆ ఇద్దరిలో ఒకరు బండి నడుపుతారు. వెనక పేషెంటుతో మిగిలేది ఒక్కరే. వెంటిలేటర్ మీద ఉండి, రెండు మూడు పంపుల్లో రక్తపోటు మందులు ఎక్కుతున్న మనిషికి దారిలో ఏదైనా తేడా చేస్తే ఆ ఒక్కరికీ చేతులు చాలవు. అందుకని తలల లెక్క కాకుండా నైపుణ్యాల జాబితా పెట్టాం. పేషెంటుకి ఏం నడుస్తోంది, దారిలో ఏం జరగవచ్చు, దానికి ఏ నైపుణ్యం కావాలి అన్న వరసలో ప్రశ్నలు వస్తాయి. బండి వచ్చాక మళ్ళీ ఒకసారి సరిచూడాలి. ఫోన్ చేసినప్పుడు మామూలు ఆక్సిజన్ మీదున్న మనిషి గంట తరవాత వెంటిలేటర్ మీద ఉండవచ్చు.

ఒక నిర్ణయం మాత్రం ప్రోగ్రాముకి వదల్లేదు. 1986లో వచ్చిన ఎమ్‌టాలా చట్టం ప్రకారం, పరిస్థితి నిలకడపడని పేషెంటుని పంపేటప్పుడు అర్హులైన సిబ్బందినీ, పరికరాలనీ సమకూర్చే బాధ్యత పంపించే ఆసుపత్రిదే. వెంట ఎవరు వెళ్ళాలో తేల్చవలసింది అక్కడి డాక్టరు. సాఫ్ట్‌వేర్ సూచిస్తుంది, సంతకం డాక్టరుది.

అయితే తగిన బృందం దొరక్కపోతే? చిన్న ఊళ్ళలో తరచు ఆ ఆసుపత్రి నర్సే బండెక్కుతుంది. ఆమె తిరిగొచ్చేదాకా అక్కడి ఎమర్జెన్సీ వార్డులో ఒకరు తక్కువన్నమాట. కాబట్టి ఆగి సరైన బండి కోసం చూడటమా, ఉన్నవాళ్ళతో బయలుదేరడమా అన్నది ఏ ఫార్ములాకీ లొంగదు. ఆగడంలోనూ ప్రమాదం ఉంది.

ఇదంతా మనకెందుకంటారా? మనలో చాలామంది అమ్మానాన్నలు ఇంకా చిన్న ఊళ్ళలోనే ఉన్నారు. "నాన్నగారిని హైదరాబాదు తీసుకెళ్ళమంటున్నారు" అని అర్ధరాత్రి ఫోను వస్తుంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 మొదటి ఆసుపత్రికి చేర్చవచ్చు. అక్కడినుంచి పట్నానికి తరచు ప్రైవేటు బండే దిక్కు. భారతదేశంలో ఏ.ఐ.ఎస్.-125 అనే ప్రమాణం అంబులెన్సులని ఎ నుంచి డి వరకు నాలుగు రకాలు చేసింది. డి అంటే ఎ.ఎల్.ఎస్. కానీ అది ముఖ్యంగా బండికీ, పరికరాలకీ సంబంధించినది. బండి మీద ఐసీయూ అని రాసినంత మాత్రాన లోపల వెంటిలేటర్ నడిపే మనిషి ఉన్నట్టు కాదు.

మనం ఇక్కడినుంచి డబ్బు పంపడంతో పాటు నాలుగు ప్రశ్నలు కూడా అడగవచ్చు. డ్రైవరు కాకుండా వెనక ఎవరుంటారు? ఇప్పుడు నడుస్తున్న మందులూ, మిషన్లూ వాళ్ళకి వచ్చా? వాళ్ళు చాలని డాక్టరు ఒప్పుకున్నారా? అవతలి ఆసుపత్రిలో బెడ్ ఖాయమైందా? ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి, ఊళ్ళో ఉన్న తమ్ముడికో, బావగారికో ఇప్పుడే పంపి ఉంచండి.